గొంతులో కాదు, పెదవుల మీద

జేమ్స్ బాండ్ సినిమా 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' (1963)లో ఇస్తాంబుల్ గూఢచారి కెరీమ్ బే వేషం కట్టింది మెక్సికో నటుడు పెద్రో అర్మెందారిస్. 'మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్' (1978)లో కర్కోటకుడైన జైలు అధికారి హమీదూగా వేసినవాడు అమెరికన్, రిఫ్కీగా వేసినవాడు ఇటాలియన్. ఏదో ఒక పరదేశీ యాస ఉంటే చాలు, టర్కీవాడిగా చెల్లిపోయిన రోజులవి. ఇప్పుడలా కాదు. టర్కిష్ సీరియళ్లు ఇంటింటికీ చేరాక, సబ్‌టైటిళ్లతో అసలు మాట విన్న ప్రేక్షకుడి దగ్గర పప్పులుడకవు.

టర్కీవాడి ఇంగ్లీషు అనగానే చాలామంది నటులు గొంతు గీరడం మొదలుపెడతారు. అది అరబ్బీ మీద మనకున్న ఊహ, టర్కిష్‌తో దానికి సంబంధం లేదు. హైదరాబాదులో వినిపించే 'ఖబర్' ఇస్తాంబుల్‌లో మెత్తగా 'హబెర్' అయిపోయింది. ఎర్దోగాన్ అని మన పత్రికలు రాసే పేరులో ఆ 'గ' పలకనే పలకదు. తనకు ముందున్న అచ్చును కాస్త సాగదీసి తప్పుకుంటుంది: ఎర్దోఆన్. ఈ యాస నోటి ముందు భాగంలో, పళ్ల దగ్గర, పెదవుల మీద ఉంటుంది. అది పట్టుబడితే సగం పని అయినట్టే.

అద్దం ముందు నిలబడి 'ఈ' అనండి. నాలుకను కదపకుండా, పెదవులను మాత్రం 'ఊ' అన్నట్టు గుండ్రంగా చేయండి. తెలుగులో లేని ఒక అచ్చు వస్తుంది. ఇప్పుడు తిరగేయండి: నాలుక 'ఉ' దగ్గరే ఉండాలి, పెదవులు 'ఈ'కి సాగినట్టు సాగాలి. ఇంకో అచ్చు. టర్కిష్‌కున్న ఎనిమిది అచ్చుల్లో ఈ రెండూ నోటికి రావాలి. ఇంగ్లీషు మాటల్లో ఇవి నేరుగా వినపడేది తక్కువే గానీ, పెదవుల కదలికంతా వీటి చలవే. దాన్ని వదిలేసి హల్లులు మార్చుకుంటూ పోతే మిమిక్రీ అవుతుంది, నటన కాదు.

హల్లుల్లో తెలుగు నటుడికి కొంత లాభం, కొంత చిక్కు. 'వెరీ వెల్' అన్నప్పుడు రెండు 'వ'లనూ ఒకేలా పలకడం మనకూ అలవాటే, టర్కులకూ అలవాటే. చిక్కల్లా 'ట'తోనే. ఇంగ్లీషు 'టైమ్' అనగానే మన నాలుక వెనక్కి మడత పడుతుంది. టర్కిష్‌లో ఆ మడత లేదు. నాలుక పళ్లకు తగలాలి, దానితోపాటు చిన్న ఊపిరి రావాలి. అంటే 'త'కూ 'థ'కూ మధ్య ఎక్కడో. తెలుగువాడి గుట్టు బయటపడేది ఇక్కడే. పదం చివర 'బ', 'ద' లాంటివి గట్టిపడతాయి: 'బెడ్' కాస్తా 'బెత్' అవుతుంది. చివరి 'ర' సన్నగా బుసకొడుతుంది, పక్కన చిన్న 'ష' ఉందేమో అనిపించేలా. ఈ బుస ఎంత వేస్తే బాగుంటుందనిపిస్తుందో, దానికి సగం వేస్తే చాలు.

వినడానికి సామగ్రికి కొదవ లేదు. అమెరికాలో పాల్ మేయర్ 1998లో మొదలుపెట్టిన యాసల భాండాగారం ఉంది. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంవాళ్లదీ ఉంది. ఆ రెండో దాంట్లో అందరూ చదివేది ఒకే 69 మాటల పేరా. దాని చివర 'ట్రైన్ స్టేషన్' వస్తుంది. మొదట్లోనే రెండు హల్లులు కలిసి వస్తే టర్కిష్ నోటికి ఇబ్బంది. మధ్యలో ఒక అచ్చు దూరి 'తిరేన్', 'సితేషన్' అవుతాయి. మన పెద్దలు 'ఇస్కూలు' అన్న బాధే ఇది కూడా. పదిమంది టర్కుల గొంతులో ఆ రెండు మాటలూ విని, ఎవరి నోట అచ్చు దూరింది, ఎవరి నోట దూరలేదు అని రాసుకుంటే మంచి పాఠం.

ఎందుకంటే యాస అందరికీ ఒక పాళ్లలో ఉండదు. ఇస్తాంబుల్‌లో 1863 నుంచీ నడుస్తున్న రాబర్ట్ కాలేజీలో ఇంగ్లీషులోనే చదువుకున్నవాడు, గ్రాండ్ బజారులో పర్యాటకులతో బేరాలాడుతూ నేర్చుకున్న తివాచీల వర్తకుడు, ఒకేలా మాట్లాడరు. 1980ల్లో బీబీసీ 'ఈస్ట్‌ఎండర్స్'లో హలూక్ బిల్గినెర్ వేసిన మెహ్మెత్ లండన్‌లో స్థిరపడ్డ సైప్రస్ టర్కు, అతని లెక్క వేరు. 'డర్టీ ప్రెటీ థింగ్స్' (2002)లో ఫ్రెంచి నటి ఓద్రీ తోతూ వేసిన షెనాయ్ లండన్ హోటల్లో గదులు శుభ్రం చేసే శరణార్థి. ఆమెకు ఇంగ్లీషు బతకడానికి కావలసినంతే కావాలి. పాత్ర ఇంగ్లీషు ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకుందో తేల్చుకోకుండా యాస మొదలుపెట్టడం దండగ.

మాటతోపాటు ఒంటినీ చూడాలి. 'కాదు' అనడానికి టర్కీవాళ్లు తల అడ్డంగా ఊపనక్కర్లేదు. గడ్డం పైకెత్తి, కనుబొమలు లేపి, నాలుకతో 'చ్' అంటారు. మనకది జాలి, వాళ్లకది నిరాకరణ. మాట తడుముకునేటప్పుడు 'షేయ్', 'యానీ' అంటారు. ఆ రెండో మాట పాతబస్తీలోనూ దొరుకుతుంది.

రసెల్ క్రో తీసిన 'ది వాటర్ డివైనర్' (2014) ఒకసారి తెర చూడకుండా వినండి. టర్కిష్ సైనికులుగా యిల్మాజ్ ఎర్దోఆన్, జెమ్ యిల్మాజ్ మాట్లాడతారు. ఇస్తాంబుల్ స్త్రీగా ఉక్రెయిన్‌లో పుట్టిన ఓల్గా కురిలెంకో మాట్లాడుతుంది. పుట్టిన భాష ఎక్కడ పలుకుతోందో, నేర్చుకున్న యాస ఎక్కడ పలుకుతోందో కాగితం మీద గుర్తుపెట్టుకోండి. తర్వాత మీ సంభాషణలు పక్కన పెట్టి, అదే యాసలో టీ తెప్పించుకోండి, ఆటోవాడితో బేరమాడండి, ఎవరితోనైనా పోట్లాడండి. కోపంలో 'ట' మళ్లీ మడత పడిందంటే ఇంకా కొన్నాళ్లు అద్దం ముందే.