నిటారుగా నిలబడటం

బరువు తగ్గమని స్త్రీలకు చెప్పే పుస్తకాలు నడుం నిటారుగా ఉంచుకోమని కూడా చెప్తాయి. ఎందుకంటే, పొట్ట కనిపించదట! అవి చదివినప్పుడల్లా ఐరిస్ మారియన్ యంగ్ వ్యాసం ‘త్రోయింగ్ లైక్ ఎ గర్ల్’ (1980) గుర్తొస్తుంది. బంతి విసిరేటప్పుడు ఆడపిల్ల ఒళ్లంతా ఉపయోగించకపోవడానికి కారణం శరీర నిర్మాణం కాదు, తన శరీరాన్ని ఎదుటివాళ్లు చూసే వస్తువుగా తనూ చూసుకోవాల్సి రావడమేనంటుంది యంగ్.

మనకిది తెలియనిదా? ‘తల దించుకుని నడువు’, ‘పైట సర్దుకో’ అని వినీ వినీ పదమూడేళ్లకే భుజాలు ముందుకి ఒంగిపోతాయి. ఆ ఒంపుని వ్యాయామం ఒక్కటే సరిచెయ్యలేదు.

అలాగని వ్యాయామం వద్దనను. పొట్ట, వీపు, కటి కండరాలు బలపడితే బరువులెత్తడం తేలికవుతుంది. త్రాసు మీద అంకె తగ్గకపోయినా ఆ బలం నిజం. కొవ్వునీ కండనీ త్రాసు వేరుచేసి చూపించదు.

అయితే తన పరిశీలన పారిశ్రామిక సమాజంలోని స్త్రీలకే పరిమితమని యంగే చెప్పుకుంది. నాట్లేసే స్త్రీ ఒంగేది సిగ్గుతో కాదు, కూలి కోసం. ఆమెకి కావలసింది సన్నటి నడుం కాదు, నొప్పిలేని నడుం. ఆమె వీపు గురించి బరువు తగ్గించే పుస్తకాలూ మాట్లాడవు, మన విమర్శా అంతగా మాట్లాడలేదు. ఇక మొదలుపెట్టాల్సింది అక్కడినుంచే.