వై నొక్కే ముందు

లినక్స్‌లో ఫైల్ సిస్టమ్‌ను సరిచూసే ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ చాలా మర్యాదగా అడుగుతుంది. ఫలానా ఐనోడ్‌లో బ్లాకుల లెక్క తప్పింది, సరిచేయమంటారా? ఫలానా ఎంట్రీ చెల్లదు, తీసేయమంటారా? ప్రతి ప్రశ్న పక్కనా 'వై' అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. మొదట్లో నాలుగైదు ప్రశ్నలు చదువుతాం. ఆ తర్వాత చదవడం మానేసి ఎంటర్ కొడుతూ పోతాం. ఇంకా తెలివైనవాళ్లు కమాండ్‌లోనే మైనస్ వై పెట్టేసి టీకి వెళతారు. ఒంటి డిస్కు ఉన్న మెషీన్‌లో, కరెంటు పోయి వచ్చాక ఇలా చేసినా చాలాసార్లు ఏమీ కాదు. చాలా డిస్కులను ఒక్కటిగా కలిపే రెయిడ్ ఉన్న సర్వర్‌లో ఇదే పని చేసి ఉన్నదంతా ఊడ్చేసుకున్నవాళ్లను నా వృత్తిలో చూస్తూనే ఉన్నాను. పిలవాల్సిన వేళ రాకముందే దాన్ని పిలిచారు, అంతే.

అసలు దానికి మన ఫైళ్లతో పని లేదు. చూసేది రికార్డులు. రెవెన్యూ ఆఫీసులో 1బీ ముందేసుకుని కూర్చున్న మనిషిలా ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్టరైందా, ఎవరికీ చెందనిది ఎంత మిగిలింది అని సరిచూస్తుంది. పొలంలో వరి పండిందో తుమ్మ మొలిచిందో దానికి అక్కర్లేదు. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మీద ఈ పని ఐదు పాసులుగా నడుస్తుంది. మొదటి పాసులో ఐనోడ్లన్నీ, అంటే ఒక్కో ఫైలు వివరాలుండే రికార్డులన్నీ, తిరగేసి ఏ బ్లాకు ఎవరిదో రాసుకుంటుంది. రెండులో డైరెక్టరీల లోపలి ఎంట్రీలు, మూడులో ప్రతి డైరెక్టరీకీ రూట్ దాకా దారి ఉందా లేదా, నాలుగులో లింకుల లెక్క, ఐదులో ఖాళీ బ్లాకుల పట్టిక. ఏ డైరెక్టరీలోనూ పేరు లేని ఫైలు దొరికితే లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో వట్టి నంబరుతో పడేస్తుంది. అన్నీ సరిపోతే 'క్లీన్' అని ముద్ర వేస్తుంది. ఒక రికార్డు ఇంకో రికార్డుతో సరిపోయిందని ఆ ముద్రకు అర్థం, అంతవరకే.

కాలమంతా తినేది మొదటి పాసే. తెర మీద కనిపించే శాతాన్ని కూడా ఆ లెక్కతోనే కట్టారు. 70 దాకా మొదటి పాసు, 90 దాకా రెండోది, మిగతా మూడూ చివరి పదిలో సర్దుకుంటాయి. పెద్ద వాల్యూమ్ మీద ఆ బార్ ఎక్కడో సగంలో కదలకుండా కూర్చుంటే, హ్యాంగైందనుకుని పవర్ బటన్ పట్టుకు నొక్కేవాళ్లున్నారు. డిస్కు లైటు మిణుకుమంటోందా లేదా అని వంగి చూసే ఓపిక ఉంటే చాలు.

రెయిడ్ ఫైల్ సిస్టమ్‌కు కింది అంతస్తు. కింద ఉన్నదానికి ఫైళ్లంటే తెలియదు, పైన ఉన్నదానికి డిస్కులంటే తెలియదు. 1988లో బర్క్‌లీ యూనివర్సిటీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌తో రెయిడ్ అనే పేరు, 1 నుంచి 5 దాకా దాని నంబర్లు వాడుకలోకి వచ్చాయి. చవక డిస్కులు చస్తుంటాయి, ఒకటి చచ్చినా మిగతావాటి నుంచి దాన్ని లెక్కగట్టొచ్చు అన్నదే అందులోని ధైర్యం. నిజంగా చచ్చిన డిస్కుతో ఏ పేచీ లేదు. తంటా అంతా చావకుండా మూలిగే డిస్కుతోనే. మామూలు డెస్క్‌టాప్ డిస్కు చదవలేని సెక్టార్ దగ్గర రెండు నిమిషాలైనా పట్టు వదలకుండా కూర్చోగలదు. లినక్స్ కెర్నల్ ఓపిక మామూలుగా 30 సెకన్లే. అది దాటితే లింకు రీసెట్ చేస్తుంది, రెయిడ్ ఆ డిస్కును బయటికి తోసేస్తుంది. సర్వర్ల కోసం చేసిన డిస్కులు సాధారణంగా ఏడు సెకన్లకే 'నావల్ల కాదు' అని ఒప్పేసుకుంటాయి. అప్పుడు పక్క డిస్కుల సాయంతో ఆ ఒక్క సెక్టార్‌ను తిరిగి రాసుకుని రెయిడ్ తన దారిన పోతుంది. కొన్ని డెస్క్‌టాప్ డిస్కుల్లోనూ ఈ ఏడు సెకన్లు పెట్టుకోవచ్చు గానీ, కరెంటు పోయి వస్తే అది మరిచిపోతాయి. బూటైన ప్రతిసారీ మళ్లీ చెప్పాలి. చెప్పలేని డిస్కులైతే కెర్నల్ ఓపికనే మూడు నిమిషాలకు పెంచాలి. ఇంత చిన్న సెట్టింగు లేక రోడ్డున పడ్డ రెయిడ్‌లు ఎన్నో.

బెజవాడలో ఒక ఫొటో ల్యాబ్ సంగతి చెబుతాను. పెళ్లి ఆల్బమ్‌లు వాళ్ల పని. నాలుగు డిస్కుల రెయిడ్ 5, ఒక్కోటి 4 టీబీ, పైన ఈఎక్స్‌టీ4. మే నెల ఎండల్లో యూపీఎస్ బ్యాటరీలు చేతులెత్తేశాయి, కరెంటు పోయింది, వచ్చాక సర్వర్ లేవలేదు. అక్కడ సిస్టమ్స్ చూసే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మూడు డిస్కులే కనబడుతున్నాయి. ఫోర్స్ పెట్టి లేపేసి ఎఫ్‌ఎస్‌సీకే కొట్టనా? యూట్యూబ్‌లో అలాగే చెప్పాడు." "ఏమీ కొట్టకు తమ్ముడూ. ఒక్కో డిస్కునీ ఎగ్జామిన్ చేసి ఫొటోలు పంపు" అన్నాను.

రెయిడ్‌లను చూసుకునే ఎమ్‌డీ ఆడ్మ్ కమాండ్ ఎగ్జామిన్ చేసి ఇచ్చే ఆ పేజీలో నేను ముందుగా వెతికే వరసలు రెండు. ఒకటి అప్‌డేట్ టైమ్, రెండోది ఈవెంట్స్. రెయిడ్‌లో ఏదైనా మార్పు జరిగినప్పుడల్లా ఈవెంట్ల అంకె పెరుగుతుంది, డిస్కులన్నీ కలిసి పెరగాలి. బయటికి పోయిన డిస్కులో అది పోయిన రోజే ఆగిపోతుంది. కుర్రాడు పంపిన మూడు ఫొటోల్లో రెండు డిస్కులు ఒకే అంకె దగ్గర, ఆ రోజు తేదీతో ఉన్నాయి. మూడోదాని అంకె వేలల్లో వెనకబడింది. తేదీ చూస్తే మార్చి నెల. అంటే ఆ డిస్కు రెయిడ్‌ను వదిలేసి రెండు నెలలు. ల్యాబ్ అన్నాళ్లూ మూడు కాళ్ల మీద నడిచింది, ఎవరూ చూడలేదు. ఇప్పుడు కనబడకుండా పోయిన నాలుగో డిస్కు మొన్నటిదాకా పనిచేసిన మూడో కాలు.

ఆ స్థితిలో ఫోర్స్ పెడితే ఎమ్‌డీ ఆడ్మ్ అడ్డుచెప్పదు. వెనకబడ్డవాటిలో తాజాది ఏదో చూసి దాని అంకె పెంచి, మార్చి డిస్కుతో రెయిడ్‌ను లేపేస్తుంది. తెర మీద మూడు యూ అక్షరాలు, ఒక గీత. చూడ్డానికి బాగానే ఉంటుంది. లోపల మాత్రం రెండు డిస్కులు మేలో, ఒకటి మార్చిలో ఉంటాయి. కనబడని నాలుగోదాన్ని ఈ మూడింటి నుంచే లెక్కగట్టాలి కాబట్టి, మధ్యలో మారిన చోట వచ్చే జవాబు మార్చిదీ కాదు, మేదీ కాదు, వట్టి చెత్త. దీని మీద ఎఫ్‌ఎస్‌సీకేని వదిలితే అది నిజాయితీగా తన పని తాను చేస్తుంది. పొంతన లేని ఐనోడ్లను చెరిపేస్తుంది, ఒకే బ్లాకును ఇద్దరు అడిగితే కాపీ తీసి చెరొకటి ఇస్తుంది. చేసినదంతా డిస్కులోకి రాస్తుంది. అదీ మంచి డిస్కుల్లోకి.

వెళ్లి చూస్తే ఆ నాలుగో డిస్కుకు పట్టింది మరీ పెద్ద రోగమేమీ కాదు. డిస్కు తన ఆరోగ్యం రాసుకునే స్మార్ట్ పట్టికలో 199వ వరస, అంటే సీఆర్‌సీ తప్పులు, పెరిగి ఉన్నాయి. సాధారణంగా అది కేబుల్ మీద వేలు చూపిస్తుంది. 197లో, అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల లెక్కలో, చిన్న అంకె ఉంది, కాబట్టి డిస్కూ కుర్రదేం కాదు. సాటా కేబుల్ మార్చాక డిస్కు కనబడింది. దాని ఈవెంట్లు మిగతా రెండింటికి కాస్త మాత్రమే వెనక. ఈ మూడూ కలిపితే చాలు, మార్చి డిస్కును తీసి బల్ల మీద పెట్టేశాం.

అయినా నేరుగా డిస్కుల మీద ఫోర్స్ కొట్టలేదు. ఒక్కో డిస్కు మీదా డివైస్ మ్యాపర్‌తో ఓవర్‌లే వేశాను. చదివేది అసలు డిస్కు నుంచి, రాసేది పక్కనున్న వేరే ఫైల్‌లోకి. ఓవర్‌లేల మీద రెయిడ్ లేపి, దాని మీద ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే ఎన్ని వైలు నొక్కినా అసలు డిస్కులో ఒక్క బిట్ కదలదు. నచ్చకపోతే ఆ ఫైళ్లు చెరిపేస్తే సరి. ఈ సదుపాయం తెలిశాక ఇంక నేరుగా నొక్కడానికి నాకు చేతులు రావు. వట్టి మైనస్ ఎన్‌తో, అంటే ఏమీ రాయకుండా, చూడొచ్చు కదా అంటారు కొందరు. చూడొచ్చు. కానీ ఆ పద్ధతిలో అది జర్నల్‌ను, అంటే చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చిట్టాను, పక్కన పెట్టేస్తుంది. జర్నల్ ఆడిస్తే వాటంతటవే పోయే తప్పులన్నీ జాబితాలో కనిపించి గుండె ఆగినంత పని చేస్తాయి. 2001లో ఈఎక్స్‌టీ3తో లినక్స్‌లోకి వచ్చిన ఈ జర్నల్ పుణ్యమే, కరెంటు పోయిన ప్రతిసారీ మనం గంటలకొద్దీ చెక్ చేసుకోవాల్సిన పని తప్పింది.

సరైన మూడు డిస్కులతో జర్నల్ ఆడింది, కొన్ని అనాథ ఐనోడ్లు పోయాయి, ఖాళీ బ్లాకుల లెక్క సర్దుకుంది. కుర్రాడికి చూపిద్దామని ఓవర్‌లేలు చెరిపేసి కొత్తవి వేశాను. ఈసారి నాలుగోదాని బదులు మార్చి డిస్కుతో లేపి, మైనస్ వై. తప్పుల వరసలు తెర నిండా పారాయి. ఆగేసరికి లాస్ట్ ప్లస్ ఫౌండ్ నిండా నంబర్లు. ఇంకోసారి నడిపితే 'క్లీన్' అంది. ఒక ఆల్బమ్ తెరిచాం. పెళ్లికూతురి ముఖం సగం దాకా వచ్చి, కింద బూడిద రంగు పట్టీలు. కుర్రాడు అప్పుడు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

తర్వాతిదంతా చాకిరీ. మళ్లీ సరైన మూడు డిస్కులతో లేపి, మొదట ఫైళ్లన్నీ బయటి డిస్కులకు కాపీ, ఆ తర్వాతే కొత్త డిస్కు పెట్టి రీబిల్డ్. రీబిల్డ్ అంటే మిగిలిన మూడు డిస్కులనూ మొదటి నుంచి చివరిదాకా చదవడం. 197లో అంకె పడ్డ డిస్కుకు అది మంచి పరీక్ష కాదు, అందుకే కాపీ ముందు.

ఇంకో రెండు మాటలు చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఈ రెండూ తరచూ ఎదురవుతాయి. 'సూపర్‌బ్లాక్‌లో మ్యాజిక్ నంబర్ తప్పు' అనగానే 32768 దగ్గరున్న నకలు సూపర్‌బ్లాక్ కోసం పరుగెత్తకండి. రెయిడ్ ఉన్నచోట ఆ మాట వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది మీరు ఎక్కడ నిలబడ్డారన్నది. రెయిడ్ మొత్తానికి పేరైన ఎమ్‌డీ0కి బదులు రెయిడ్‌లోని ఒక డిస్కు మీదే కమాండ్ కొట్టి ఉంటారు. ఒక డిస్కు ఇంకోదానికి అద్దంలా ఉండే రెయిడ్ 1లో, మెటాడేటా డిస్కు చివర ఉండే పాత రకాల్లో, ఆ హెచ్చరిక కూడా రాదు. ఒక్క అద్దాన్ని మాత్రమే రిపేరు చేసేసి రెండోదాన్ని అలాగే వదిలేస్తారు. రెండో మాట క్రియేట్ గురించి. అసెంబుల్ కాకపోతే క్రియేట్ కొట్టమని సలహా ఇచ్చేవాళ్లు మీ మేలు కోరేవాళ్లే కావచ్చు. కానీ డిస్కుల వరస, చంక్ సైజు, డేటా మొదలయ్యే చోటు, ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా పైనున్న ఫైల్ సిస్టమ్ గుర్తుపట్టలేనంతగా చెదిరిపోతుంది. ఎమ్‌డీ ఆడ్మ్ వెర్షన్ మారితే ఆ డిఫాల్ట్‌లు కూడా మారుతూ వచ్చాయి.

ల్యాబ్‌లో పని ముగిశాక రూట్ మెయిల్‌బాక్స్ తెరిచి చూశాను. మార్చి నుంచి రోజుకొకటి చొప్పున 'డీగ్రేడెడ్ అరే' అనే ఉత్తరాలు, ఒక్కటీ చదవనివే. ఇప్పుడు అవి యజమాని ఫోన్‌కు వెళ్లేలా మార్చాను, నెలకోసారి టెస్ట్ మెసేజ్ కూడా పెట్టాను. అది వచ్చినప్పుడల్లా ఆయన ఫోన్ చేసి "మళ్లీ వచ్చిందండీ, కంగారేం లేదుగా?" అని అడుగుతారు. లేదంటాను. బయటి కాపీకి ఇంకో రెండు పెద్ద డిస్కులు కొనే సంగతి మాత్రం శ్రావణం ముహూర్తాలు అయ్యాక చూద్దామంటున్నారు.