పిల్లల స్వభావమూ, పంతులు పద్ధతీ

విద్యార్థి స్వభావాన్ని గుర్తించి దానికి తగినట్టు బోధన మార్చుకోవాలన్న మాట ఇవాళ ఉపాధ్యాయ శిక్షణలన్నిటా వినబడుతున్నది. అందరినీ ఒకే బెత్తంతో తోలిన పాత బడికి ఇది జవాబే. ఈ మాటను కాదనే అభ్యుదయవాది వుండడు. కాని అధికారీ, ప్రైవేటు బడి యజమానీ, మనమూ ఒకే మాటను ఇంత సులువుగా ఒప్పుకుంటున్నామంటే, దాని అర్థం దారిలో ఎక్కడో జారిపోయిందేమోనని వెనక్కి వెళ్ళి చూడడం విమర్శకుడి పని.

ఈ విషయంలో మన ఉపాధ్యాయులు తరచు ఉదాహరించే పుస్తకాలు రెండు. ఒకటి గిజుభాయి బధేకా 1930ల తొలి సంవత్సరాలలో గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’, అంటే తెలుగు పాఠకుల ‘పగటికల’. రెండవది జపానులో 1981లో వెలువడిన తెత్సుకో కురొయనాగి ‘తొత్తో చాన్’, మన ‘రైలుబడి’.

‘పగటికల’లో మాస్టరు మొదటిరోజు పెద్ద పథకంతో తరగతిలోకి వెళతాడు. పిల్లల చేత నిశ్శబ్దపు ఆట ఆడించబోతాడు. పిల్లలు గోల చేసి పథకాన్ని బోర్లాపడేస్తారు. మరునాడు కథ మొదలుపెడతాడు, తరగతి లొంగుతుంది. ఈ ఘట్టాన్ని చాలామంది కథల మహిమగా చదువుతారు. నాకు కనిపించే గొప్ప వేరు. ఈ మాస్టరు ఏ పిల్లవాడినీ ‘ఫలానా రకం’ అని ముద్ర వేసి పద్ధతి ఎంచుకోలేదు; తరగతి తన్నిన తన్నుకు పద్ధతి మార్చుకున్నాడు. అయితే ఆయనకు పై అధికారి అనుమతి వున్నది, చేతిలో ఒకే ఒక తరగతి వున్నది, గడువు ఒక సంవత్సరం. ఈ మూడూ లేని పంతులు ఏం చెయ్యాలో పుస్తకం చెప్పదు.

‘రైలుబడి’లో కొబయాషి, మరో బడి వెళ్ళగొట్టిన పిల్లను కూర్చోబెట్టుకుని నాలుగు గంటలు ఆమె కబుర్లు వింటాడు. అక్కడ పిల్లలు తమకు నచ్చిన పాఠంతో రోజు ప్రారంభిస్తారు. ఎవరి మనసు దేనిమీద వున్నదో ఉపాధ్యాయుడికి దానంతటదే తెలిసిపోతుంది. అందమైన ఏర్పాటు. ఆ బడి మొత్తంలో వున్నది యాభైమంది. అంత తీరిక వున్న ప్రధానోపాధ్యాయుణ్ణి మన జిల్లాలో చూపించమంటే, మధ్యాహ్న భోజనం లెక్కలు ఎవరు రాస్తారని అడుగుతారు! పైగా ఆ బడిని కూల్చింది చెడ్డ బోధనా పద్ధతి కాదు, 1945 నాటి బాంబుదాడి. బడి గోడ బయటి లోకం ఎంత బలమైనదో ఆ పుస్తకమే ఒప్పుకుంటున్నది.

ఈ రెండు పుస్తకాలనూ నేను ఇంద్రేశంలో కూర్చుని మళ్ళీ చదివాను. పటాన్‌చెరు మండలంలోని ఈ ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు, కొత్త లేఅవుట్లు, వాటిని కట్టే కూలీల గుడిసెలు. అద్దె గదుల్లో ఒడిశా, బీహారు కుటుంబాలు. ఈ ప్రాంతంలో పాఠం చెప్పేవాళ్ళ నోట నేను విన్న మాటలు: ‘వాడు ముభావి’, ‘ఈ పిల్ల మందకొడి’, ‘వీడికి నిలకడ లేదు’. అన్నీ స్వభావ వర్ణనలే. ముభావి అన్న పిల్లవాడు ఇంటిదగ్గర ఒడియాలో నోరు మూయడు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం తెచ్చి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు వుండే పుస్తకాలు ఇచ్చారు. తెలుగు పిల్లవాడికి ఎడమ పేజీ అర్థం కాకపోతే కుడి పేజీ ఆసరా. ఈ పిల్లవాడికి రెండు పేజీలూ పరాయివే. వాడి మౌనాన్ని మనం స్వభావం అంటున్నాం! బడిలో నిద్రపోయే పిల్ల సంగతీ ఇంతే: ఒకే గది, తండ్రికి రాత్రి షిఫ్టు, ఇంటిల్లిపాది నిద్రా ఆ షిఫ్టు చెప్పినట్టు నడుస్తుంది. 2025 జూన్ 30న ఇదే మండలం పాశమైలారంలో సిగాచి కర్మాగారం పేలి నలభైమందికి పైగా చనిపోయారు. వారిలో వలస కార్మికులు ఎందరో. అటువంటి ఇంటినుంచి వచ్చిన పిల్ల పలకకపోతే ఏ స్వభావ పట్టికలో వెతుకుదాం?

పట్టికలంటే గుర్తొచ్చింది. కంటితో నేర్చేవారు, చెవితో నేర్చేవారు, చేతితో నేర్చేవారు అని పిల్లలను విడగొట్టే సిద్ధాంతమొకటి మన కార్పొరేటు బడుల కరపత్రాలదాకా వచ్చింది. హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2008లో దీనిపై వచ్చిన పరిశోధనలను తరచి చూసి, అలా విడగొట్టి చెబితే చదువు మెరుగవుతుందనడానికి తగిన రుజువు లేదని తేల్చారు. అయినా సరుకు అమ్ముడవుతూనే వున్నది.

దీన్నిబట్టి స్వభావమనేదే లేదు, అంతా పరిస్థితులే అని మన మిత్రులు కొందరు ఎగిరి గంతు వేయవచ్చు. అదీ పొరపాటే, యాంత్రిక భౌతికవాదం. ఒకే గదిలో పెరిగిన అన్నదమ్ములలో ఒకడు ప్రశ్నల పుట్ట, ఇంకొకడు చూసి చూసి ఒక్క మాట అంటాడు. ఆ తేడా నిజం. ఆకలి, భాష, నిద్ర అనే పొరలు తొలగిస్తేనే ఆ తేడా కంటబడుతుంది.

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల నుంచి చేసింది ఇదే. ‘వాడికి చదువు మీద మనసు లేదు’ అన్న వాదాన్ని శాంతా సిన్హా తదితరులు ఒప్పుకోలేదు. పనిలో వున్న పిల్లలను శిబిరాలకు తెచ్చి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేశారు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ వారు ఇంకొక దారి తొక్కారు: పాఠాన్ని కార్డులుగా విడగొట్టి మెట్లుగా అమర్చారు, ఎవరి నడకన వారు ఎక్కుతారు, పంతులు అవసరమైనవాడి పక్కన కూర్చుంటాడు. ఇక్కడ పంతులు మంచితనం మీద భారం వెయ్యలేదు. అతనికి తీరికను ఏర్పాటు చేశారు. మన 2009 విద్యాహక్కు చట్టమో, అరవైమంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలునంటున్నది. ఐదు తరగతులకు ఇద్దరు! ఆ ఇద్దరినే స్వభావాలు కనిపెట్టమంటున్నాం.

ఇంద్రేశం వంటి చోటికి రిషీవ్యాలీ కార్డులు తెద్దామని ఉత్సాహపడే ఉపాధ్యాయులు వున్నారు, మంచిదే. ఆ కార్డులు తెలుగు పల్లె పిల్లల కోసం వారి మాటల్లో పుట్టినవి. ఇక్కడి మొదటి కార్డు ఏ భాషలో వుండాలి, దాన్ని ఏ తల్లిని అడిగి రాయాలి అన్నది ముందు తేలాలి.