చిత్తుబుట్ట కంటే ముందే

ఒక విశ్వవిద్యాలయం ఏడాది పొడవునా అచ్చు వేయించే కాగితాల్లో గ్రంథాలయానికి చేరేవి చాలా కొద్ది. వార్షిక నివేదికలు, సెనేటు తీర్మానాలు, పరిశోధన గ్రంథాలు బైండయి బీరువాల్లోకి వెళతాయి. ప్రాస్పెక్టస్, పరీక్షల టైమ్‌టేబుల్, హాల్‌టికెట్, హాస్టల్ మెస్ కూపను, స్నాతకోత్సవ ఆహ్వానం, విద్యార్థి సంఘం ఎన్నికల కరపత్రం, తరగతుల బహిష్కరణ పిలుపు మాత్రం పని తీరగానే చిత్తుబుట్టలో పడతాయి. గ్రంథాలయాలవారు ఎఫిమెరా అనేది వీటినే. పుస్తకానికి ఉన్న చట్టరక్షణ వీటికి లేదు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు తమ పుస్తకాలను కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా వంటి గ్రంథాలయాలకూ పంపాలి. ఆహ్వానపత్రికకూ హాల్‌టికెట్‌కూ అందులో చోటు లేదు.

ఇలాంటి కాగితాలను పట్టుబట్టి దాచినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు జాన్ జాన్సన్. 1925 నుంచి 1946 వరకు ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయానికి అధిపతి. అంతకుముందు ఈజిప్టులో పపైరస్ పత్రాల కోసం తవ్వకాలు జరిపాడు. ప్రాచీన కాలపు చెత్తదిబ్బల్లో దొరికిన రసీదులు, లెక్కల చీటీల నుంచి అప్పటివారి బతుకు తెలుస్తుంటే, తన కాలపు చీటీలు దాచేవారెవరన్న ఆలోచన ఆయనకు అక్కడే కలిగింది. టికెట్లు, లేబుళ్లు, ప్రకటనలు, కరపత్రాలు కలిపి పది లక్షలకు పైగా కూడబెట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయం 1930లలో తనకు అక్కర్లేదనుకున్న కాగితాలు కొన్ని ఆయనకు ఇచ్చేసింది. 1968లో మొత్తం సేకరణ ఆ గ్రంథాలయానికే చేరింది.

తెలుగునాట ఈ పని ఎంత అవసరమో రెండు విశ్వవిద్యాలయాల చరిత్రే చెబుతుంది. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం తర్వాత వాల్తేరుకు వెళ్లింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో గుంటూరుకు తరలింది. తరలించాలన్న నిర్ణయం తీర్మానాల పుస్తకంలో దొరుకుతుంది. ఏ తరగతి ఏ భవనంలో జరిగిందో, భోజనం ఎక్కడ పెట్టారో తెలియాలంటే నోటీసు బోర్డుకు గుచ్చిన కాగితమే ఆధారం. 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన ఉస్మానియాలో కాలక్రమంలో బోధనాభాష మారింది. ఆ మార్పు విద్యార్థి చేతిలోకి ఎప్పుడు ఎలా వచ్చిందో హాల్‌టికెట్లూ ఫీజు రసీదులూ చూపించినంత స్పష్టంగా ఉత్తర్వు చూపించలేదు. అక్కడి విద్యార్థులు పాల్గొన్న 1938 వందేమాతరం ఉద్యమం, 1969 తెలంగాణ ఉద్యమం అధికారుల ఫైళ్లలో శాంతిభద్రతల సమస్యలు. విద్యార్థుల సొంత మాట ఉన్నది కరపత్రంలోనే. అయినా ఆర్కైవుల్లో బంగారు అంచు స్నాతకోత్సవ ఆహ్వానానికి సులువుగా చోటు దొరుకుతుంది, నాసిరకం కాగితం మీది కరపత్రానికి దొరకదు. ఆ వరుస తిరగబడాలి. ఆహ్వానం పోయినా స్నాతకోత్సవం వివరాలు పది చోట్ల ఉంటాయి. కరపత్రం పోతే ఆ మాటే పోతుంది.

ఈ పనిలో అసలు నైపుణ్యం భద్రపరచడం కంటే ముందు, సమయానికి అందుకోవడంలో ఉంది. అచ్చయిన వారంలోనే, వీలైతే ప్రెస్సు దగ్గరే రెండేసి ప్రతులు తీసుకోవాలి. వెనక అంచున మెత్తని పెన్సిలుతో తేదీ, దొరికిన చోటు రాయాలి. పంచేవారికి సంవత్సరం తెలుసు కాబట్టి కరపత్రం మీద అది వేయరు. ఆ ఒక్క అంకె లేకపోవడం తర్వాత ఎంత పని పెడుతుందో చూడండి. ‘ఆగస్టు 15, శుక్రవారం సభ’ అని మాత్రమే ఉందనుకుందాం. 1950 నుంచి 1980 వరకు ఆ తేదీ శుక్రవారం వచ్చింది 1952, 1958, 1969, 1975, 1980లలో. చిరునామాలో పిన్‌కోడు కనిపిస్తే మొదటి మూడూ పోతాయి, ఎందుకంటే పిన్‌కోడు వచ్చింది 1972లో. అచ్చు కాగితం మీద ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాలని 1867 నాటి చట్టం చెప్పింది కాబట్టి అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు కూడా ఆధారమే. ఫోన్ నంబరులో అంకెల సంఖ్య మరో ఆనవాలు. అందుకున్న రోజున పెన్సిలుతో ఒక్క ముక్క రాసి ఉంటే ఇదేదీ అక్కర్లేదు.

అమరికలో జాన్సన్ విషయాలవారీ పద్ధతి పాటించాడు. విశ్వవిద్యాలయ ఆర్కైవుకు జారీ చేసినవారినిబట్టి అమర్చడమే మేలు. మెస్ కూపను హాస్టల్ కాగితాల మధ్య ఉంటేనే బియ్యం ధర పెరిగిన ఏడాది కూపను రేటు ఎంతయిందో కనిపిస్తుంది. కాగితానికో కార్డు రాయబోతే పని ఎన్నటికీ తెమలదు. వరుసకు ఒక వివరణ, పెట్టెకు ఒక జాబితా చాలు.

ఇక కాగితం సంగతి. చవక కాగితంలో ఉండే లిగ్నిన్ వెలుతురుకు పసుపెక్కుతుంది. తయారీలో వాడిన పటిక వల్ల మిగిలే ఆమ్లం కాగితాన్ని పెళుసు చేయడమే కాక పక్క కాగితానికీ పాకుతుంది. అందుకే న్యూస్‌ప్రింట్ కరపత్రాన్ని మంచి కాగితానికి ఆనించి పెట్టరు. సైక్లోస్టయిల్ ప్రతిలో సిరా నిలుస్తుంది, కాగితం రాలుతుంది. స్పిరిట్ డూప్లికేటర్ ఊదా అక్షరాలు వెలుతురులో వెలిసిపోతాయి. థర్మల్ రసీదు వేడికి నల్లబడుతుంది, కాలం గడిచేకొద్దీ దాని అక్షరాలు చెరిగిపోతాయి కాబట్టి దాన్ని వెంటనే స్కాన్ చేయాలి. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టకముందే తీసేయాలి. సెల్లోటేపు ఎప్పుడూ వాడకూడదు, దాని జిగురు మరక వదలదు. అన్నిటికన్నా నష్టం చేసేది వేడి ప్లాస్టిక్ లామినేషన్, అతికాక దాన్ని విప్పడం సాధ్యం కాదు. పాలియెస్టర్ కవరు, ఆమ్లం లేని ఫోల్డరు, కాగితం మడత పడకుండా పట్టే అట్టపెట్టె సరిపోతాయి. విశాఖ వంటి తీరప్రాంతాల్లో చెమ్మే పెద్ద శత్రువు. అక్కడ పెట్టెలను నేలకూ గోడకూ ఆనించకుండా, గాలి ఆడేచోట ఉంచాలి. స్కాన్ తీసేటప్పుడు రెండు వైపులా తీయాలి, వెనక రాసిన ఫోన్ నంబరో లెక్కో ముందువైపంత విలువైనది కావచ్చు.

పేరు, ఫొటో ఉన్న హాల్‌టికెట్లను ఆ మనుషుల జీవితకాలంలో అందరికీ తెరవకూడదు. ఖాళీ నమూనాలు మాత్రం మొదటిరోజు నుంచే చూపవచ్చు. ఇప్పుడు టైమ్‌టేబుళ్లు, సర్క్యులర్లు చాలావరకు పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వాటినీ జారీ అయిన రోజే దించుకుని, ఫైలు పేరులో తేదీ, విభాగం చేర్చి, అదే విభాగం పాత కాగితాల వరుసలోనే నమోదు చేయాలి.