గొట్టాల లోపలి పనితనం

పాత డబుల్ బ్యారెల్ తుపాకి కనిపిస్తే చాలామంది పక్కపలకల మీది నగిషీ చూసి మురిసిపోతారు. నేను తూటాలు లేవని చూసుకుని, గొట్టాలు విడదీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాను. లోపల వెలుగు వలయాలు ఒకదానిలో ఒకటి గుండ్రంగా నిలవాలి. వలయం వంకరపోతే అక్కడ సొట్ట ఉన్నట్టు. తర్వాత గొట్టాలను వేలాడదీసి వేలి కణుపుతో తడతాను. టంకం గట్టిగా ఉంటే గుడిగంటలా మోగుతాయి, రెంటినీ కలిపే పట్టీ వదిలితే జీరపోతాయి.

లోపలి పనితనంలో ముఖ్యమైనది చోక్. 1875 లండన్ పోటీల్లో, తుపాకుల తయారీదారు గ్రీనర్ చోక్ గొట్టాలు తమ సత్తా చూపాయి.

చోక్ అంటే మూతి దగ్గర రంధ్రాన్ని కాస్త ఇరుకు చేయడం. ఫుల్ చోక్‌లో ఆ తేడా ఇంచుమించు ఒక మిల్లీమీటరే. అయినా 40 గజాల దూరాన 30 అంగుళాల వలయంలో పడే పెల్లెట్లు సుమారు 40 శాతం నుంచి 70 శాతానికి పెరుగుతాయి. అందుకే దగ్గరి దెబ్బకు కుడి గొట్టం వదులుగా, దూరమైన పిట్టకు ఎడమది బిగువుగా చేసేవారు. రెండూ సమాంతరంగానూ ఉండవు. తూటా కూర్చునే చోట గోడలు మందం కాబట్టి వెనక ఎడం ఎక్కువ, మూతి దగ్గర తక్కువ. రెండు దెబ్బలూ ఒకేచోట పడేలా ఆ వాలు కుదర్చడంలోనే పనివాడి నేర్పంతా ఉంది.

1972 వన్యప్రాణి చట్టంతో వేటకు పగ్గాలు పడ్డాయి. ఇప్పుడివి పంట కాపుదలకు లైసెన్సు తీసుకున్న రైతుల ఇళ్లలో, లైసెన్సు పుస్తకంలో 'డీబీబీఎల్' (డబుల్ బ్యారెల్ బ్రీచ్ లోడింగ్) అన్న నాలుగక్షరాలుగా ఉన్నాయి. ఎన్నికలొస్తే స్టేషన్‌కు చేరతాయి. 2019 సవరణ తర్వాత ఒక్కొక్కరికి రెండు తుపాకులే.

తాతల నాటి తుపాకి ఉన్నవారికి నా మనవి: తెలిసిన మిస్త్రీకి చూపించకుండా పేల్చకండి. తూటా కూర్చునే పాత గదులు చాలావాటికి రెండున్నర అంగుళాల తూటాయే కొలత, నేటి పొడవు తూటా వాటికి ప్రమాదం. సులువుగా ఉంటుందని మూతి కోయించకండి. లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడం ఆయుధ చట్టం ప్రకారం నేరం. పైగా చోక్ ఉండేది ఆ చివరి అంగుళాల్లోనే. అది పోయాక మళ్లీ అతికించగల చేతులు లేవు.