వడ్డించే చేయి

ఇసావో తకహాతా తీసిన జపాన్ యానిమేషన్ సినిమా ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ 1988లో వచ్చింది. చూసినవాళ్లను ఎవరిమీద కోపం వచ్చిందని అడగండి. బాంబులు కురిపించిన విమానాలకంటే ముందు నిషినోమియాలోని అత్తే గుర్తొస్తుంది. సినిమాలో ఆమెకు పేరైనా లేదు. భర్త పోయిన మనిషి. ఇంట్లో ఒక కూతురు, అద్దెకుండే ఒక యువకుడు. 1945 జూన్ 5న కోబె నగరం తగలబడి, కాలిన గాయాలతో తల్లి చనిపోతే, పద్నాలుగేళ్ల సెయితా తన నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకోను తీసుకుని ఈ దూరపు బంధువు గడప తొక్కుతాడు. కొన్నాళ్లకు ఆ గడప దాటి వెళ్లిపోతాడు. తర్వాత ఇద్దరూ ఆకలికే పోతారు. అందుకే ఆమెను రాక్షసి అనడం చాలా తేలిక. నేను అనలేను. యానిమేలో ఇంత ఓర్పుగా, ఇంత న్యాయంగా చెక్కిన సహాయపాత్రలు నాకు అరుదుగా కనిపించాయి.

ముందు జావ సన్నివేశం చూడాలి. కుండలో బియ్యం తక్కువ, నీళ్లూ ఆకులూ ఎక్కువ. అన్నాచెల్లెళ్ల గిన్నెల్లోకి గరిటె పైపైన తేలి నీళ్లు తెస్తుంది. కూతురి గిన్నెకూ ఆ యువకుడి గిన్నెకూ వచ్చేసరికి గరిటె అడుగుకు దిగి మెతుకులు తెస్తుంది. ఎవరూ ఏమీ అనరు. ఆమె ముఖాన కక్ష గీయలేదు, కనుబొమలు ముడిపడవు. చేయి తన పని తాను చేసుకుపోతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటాం కదా, ఆ పిల్లలకు ఆ ఇంట్లో అలాంటి మనిషి లేదని చెప్పడానికి తకహాతాకు ఒక్క గరిటె చాలింది. యోషిఫుమి కోందో పర్యవేక్షణలో గీసిన ఆ బొమ్మల్లో గీతలు చాలాచోట్ల నలుపు కాదు, గోధుమరంగు. ఆ మెత్తని గీతల్లో ఆమె ఎక్కడా దుష్టపాత్రలా కనిపించదు. మన వీధిలో ఉండే ఇల్లాలిలాగే ఉంటుంది. భయపెట్టేది అదే.

ఇప్పుడు ఆమె వైపు లెక్క చూడండి. అప్పటి జపాన్‌లో పెద్దవాళ్లకు రోజుకు దొరికే రేషన్ బియ్యం సుమారు 330 గ్రాములు. 1945 జులైలో అందులోనూ పదో వంతు కోశారు. బియ్యానికి బదులు చిలగడదుంపలో, మరేవో గింజలో అంటగట్టడం మామూలైపోయింది. కూతురూ యువకుడూ పనికి వెళ్తున్నారు. సెయితా పనిచేసిన ఉక్కు కర్మాగారం కాలిపోయింది. అతను మరో పని వెతకడు, రోజంతా చెల్లెలితోనే గడుపుతాడు. తల్లి బ్యాంకులో దాచిన ఏడువేల యెన్‌లు ఉన్నాయని తెలిశాక, బొగ్గుల కుంపటి కొనుక్కొచ్చి ఇద్దరికీ వేరే వండుతాడు. ఆమె దెప్పుళ్లు విషంలాంటివే. కానీ వాటిలో అబద్ధమని తేల్చగలిగినది ఎంత? ప్రతి మాట వెనుకా ఒక వాస్తవం పెట్టాడు తకహాతా. మాట గుచ్చుకునేది అందువల్లే.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది కిమోనోల ఘట్టం. చనిపోయిన తల్లి బట్టలు ఇచ్చి బియ్యం తెద్దామంటుంది అత్త. బట్టలు పట్టుకుపోతుంటే సెత్సుకో గుండెలు పగిలేలా ఏడుస్తుంది. అదే గదిలో ఎర్రటి వెలుగులో సెయితా ఆత్మ చెవులు మూసుకుని ఉంటుంది. సినిమా అతని చావుతో మొదలవుతుందని మరిచిపోకూడదు. మనం చూస్తున్నది చనిపోయిన కుర్రాడు మళ్లీ మళ్లీ తలుచుకునే గతం. ఈ అత్త అతని జ్ఞాపకంలోని అత్త. ఆమెమీద అతనికి ఎంత కోపముందో అంత కోపంతోనే ఆమెను చూపించవచ్చు. అయినా ఆ జ్ఞాపకంలోనే ఆమెకు అనుకూలమైన సాక్ష్యం కూడా చెరిగిపోకుండా ఉంచాడు దర్శకుడు: వచ్చిన బియ్యం జాడీలో పోసి పిల్లల చేతికి ఇస్తుంది, ఆ పూట సెత్సుకో తెల్లన్నం తిని మురిసిపోతుంది. మిగతా బియ్యం ఇంటికి ఉంచుకోవడమూ దాచలేదు.

మూలకథ రాసిన అకియుకి నొసాకా కోబె దాడుల్లో తనను పెంచిన తండ్రిని, ఆ తర్వాత పోషణలేక చిన్న చెల్లెల్ని పోగొట్టుకున్నాడు. తాను సెయితా అంత దయగా లేనని చెప్పుకున్నాడు. 1967లో వచ్చిన ఆ కథ ఒక ప్రాయశ్చిత్తం. తకహాతా కూడా తొమ్మిదేళ్ల వయసులో ఒకాయామా దాడినుంచి ప్రాణాలతో బయటపడ్డవాడే. ఆకలి మంచివాళ్లను ఏం చేస్తుందో ఇద్దరికీ తెలుసు. సినిమా వచ్చిన ఏడాదే తకహాతా ఒక పత్రికతో మాట్లాడుతూ, కాలం మళ్లీ తిరగబడితే సెయితాను మనం ఈ అత్తకంటే ఎక్కువగా వేలెత్తి చూపుతామేమోనని భయంగా ఉందన్నాడు. ఈ మాట నా వాదనకూ అడ్డు నిలుస్తుంది, దాన్ని తప్పించుకోను. అత్తను అర్థం చేసుకోవడం ఒకటి, ఆమె కొలబద్ద చేతిలోకి తీసుకోవడం మరొకటి. పనిచేసేవాడికే మెతుకు అన్న సూత్రం నాలుగేళ్ల పిల్ల గిన్నె దాకా వచ్చాక, ఆ సూత్రానికి నా దగ్గర సమర్థన లేదు.

అన్నాచెల్లెళ్లు సామాను బండి కట్టుకుని వెళ్లే రోజున అత్త ఎక్కడికని అడుగుతుంది. ఇంకా తేల్చుకోలేదంటాడు సెయితా. జాగ్రత్త అంటుందే కానీ ఆగమనదు. తర్వాత ఒక రైతు అతనికి చెబుతాడు: వెళ్లి క్షమాపణ అడిగి ఆ ఇంట్లోనే ఉండు, రేషన్ ఇప్పుడు ఇరుగుపొరుగు సంఘాల ద్వారానే దొరుకుతోంది. కుర్రాడి పంతం తలవంచనివ్వలేదు, పెద్దావిడ పంతం పిలవనివ్వలేదు. అడుగు మెతుకులు కన్నకూతురికి వేసినందుకు ఆమెను నేను తప్పుపట్టను. పద్నాలుగేళ్ల పిల్లవాడి పంతాన్ని తన పంతంతో సమానంగా తూచినందుకు తప్పుపడతాను.