‘దాసి’ మౌనం ఓటమేనా?

‘మాభూమి’ (1980) నిర్మించి తిరగబడ్డ తెలంగాణాను చూపిన బి. నర్సింగరావుగారు, ‘దాసి’ (1988)లో తిరగబడని కమలాక్షిని ఎందుకు చూపారు? అభ్యుదయవాదికి ఈ ప్రశ్న రాక మానదు.

సమాధానం ఆయన 1987లో తీసిన డాక్యుమెంటరీ ‘మా ఊరు’లో దొరుకుతుంది. అందులో నాయకుడు లేడు. ఊరూ, దాని పనిపాటలూ ఉన్నాయి. ఆ చూపుతోనే ఆయన గడీలోకి వెళ్లారు. కమలాక్షి చాకిరీని ఉపన్యాసాలు లేకుండా, తక్కువ మాటలతో చూపారు. దొరవల్ల వచ్చిన గర్భాన్ని బలవంతాన తీయించినప్పుడు జాలితోపాటు ఆ వ్యవస్థ నడిచే తీరు కూడా మనకు తెలుస్తుంది.

గడీని సెట్టింగుగా, పల్లెను పాటకు నేపథ్యంగా వాడుకున్న తెలుగు సినిమాకు ఇదే నిజమైన పునర్నిర్మాణం. తిరుగుబాటు ఎందుకు అనివార్యమయిందో చూపడం కూడా అభ్యుదయ కళ బాధ్యతే.